విరామ మెవరికి?

ఇటీవల మన చదువుకొన్న కుటుంబములలో నొక క్రొత్త వ్రతము ప్రవేశించినది. దానికి పంచాంగములో తిథి లేదు; పురోహితునితో పని లేదు. వ్రతకర్త యొక యుదయమున ఫేస్‌బుక్కులోనో, వాట్సాపు స్టేటసులోనో రెండు ముక్కలు వ్రాయును: "కొంతకాలము సామాజిక మాధ్యమములకు దూరముగా నుండదలచితిని. మిత్రులు మన్నింతురుగాక." మిత్రులు మన్నింతురు. కొందఱు చేతులు జోడించిన బొమ్మలను, కొందఱు పూలగుత్తులను పంపుదురు. ఎందఱు మన్నించిరో లెక్కించుకొనుటకై వ్రతకర్త యా మధ్యాహ్నమే యొకమాఱు తలుపు తెఱచి చూచును. ప్రొద్దు గ్రుంకునప్పటికి వ్రతము భంగమగును. ప్రకటన మాత్రము నిలిచియుండును.

ఏకాదశినాడు అన్నము మానిన పెద్దలు కొందఱు రెండు పళ్ళెముల యుప్పుపిండియు, పైని నాలుగు అట్లును ఫలాహార మను పేర భుజించుట చదువరు లెఱుగనిది కాదు. ఈ క్రొత్త యేకాదశియు నట్టిదే. ఫేస్‌బుక్కు మానినవాడు యూట్యూబులోని పొట్టి చిత్రములను వరుసగా మ్రింగును. ఇన్‌స్టాగ్రామును తీసివేసినవాడు వాట్సాపు గ్రూపులలో వెనుకటికంటె రెట్టింపు సేపు విహరించును. పదునైదవనాడు ద్వాదశి పారణ! తాను లేని దినములలో నెవరేమి తినిరో, ఎవరేమి కట్టిరో, ఎవ రెవరిని తిట్టిరో యంతయు నొక్క రాత్రిలో ఆరగించి, మఱునాడు కన్ను లెఱ్ఱజేసికొని కచ్చేరీకి పోవును.

ఇట్లు వ్రాసినంతమాత్రమున మేమీ విరామమును పరిహసించుచున్నామని తలపవలదు. మేము దాని పక్షమువారము. కొలది దినములైనను, దినమునకు కొలది సేపైనను, మనుష్యుడు చేతి ఫోనులోని సంతను విడిచి తన యింటిలోనికి వచ్చుట మంచిదనియే మా నమ్మకము. మా కలహమంతయు రెండు విషయములను గూర్చి. మనవారు దీనిని ఒంటరి ప్రాయశ్చిత్తముగా జేసికొనుచున్నారు. అంతకంటె గర్హ్యమైన దేమనగా, తాము పాటింపవలసిన విరామమును తమ యింటి యాడుపిల్లలచే పాటింపజేయుచున్నారు.

మొదటి సంగతి త్వరగా ముగింతుము. వార్తాపత్రికకు కడపటి పుట కలదు. పురాణకాలక్షేపమునకు మంగళహారతి కలదు. వీథినాటకము కోడికూతతో ముగియును. సంతకు వచ్చిన బండ్లు చీకటిపడక ముందే మరల కట్టుదురు. మన ముత్తాతల వినోదములలో నెన్ని దోషములున్నను, లెండు, ఇక నిండ్లకు పొండని చెప్పు ఘడియ యొకటి వానిలో నుండెను. ఈ మాధ్యమములలో నా ఘడియ లేదు. 2006లో ఏజా రాస్కిన్ అను నమెరికా దేశపు రూపకర్త, పుట చివరకు వచ్చినవాడు మఱొక పుటను కోరనక్కఱ లేకుండ, క్రొత్త విషయము దానంతట నదియే వచ్చి క్రింద చేరు పద్ధతిని కల్పించెను. దానికై యాతడే తరువాతి కాలమున బహిరంగముగ విచారము తెలిపెను. 2009లో ఫేస్‌బుక్కువారు 'లైకు' మీటను పెట్టిరి. అది మొదలు మనము వ్రాసినదాని విలువ పొరుగువారి వ్రేళ్ళ చివరకు చేరెను. ఆ కంపెనీకి మొదటి యధ్యక్షుడుగా నుండిన షాన్ పార్కరు, మనుష్యుని మనస్సులోని యొక బలహీనతను ఎఱిగియే దానిపై తాము కట్టడము లేపితిమని 2017లో సభాముఖమున నొప్పుకొనెను. మనము చందా కట్టము, టికెట్టు కొనము. మన చూపు అక్కడ నిలిచిన కొలది ప్రకటనలవలన వారికి రాబడి. ఇట్టి చోట చూపు మరలింపలేని వానిని దుర్బలుడని నిందించుట, వాలుగట్టిన కాలువలో నీరు పల్లమునకు బోయినదని నీటిని నిందించుట వంటిది.

కావున, ప్రతి క్షణమును మనోనిగ్రహము చూపుడని యుపదేశించు పెద్దలతో మాకు సమ్మతి లేదు. ఒకడు తన గదిలో గూర్చుండి, వేలమంది యింజనీర్ల పనితనముతో ప్రతి నిమిషము పోరాడవలెననుట యన్యాయము. తలుపు మూయుటకు నియమితమైన వేళ యొకటి యేర్పఱచుకొనుట సులభతరము. ఆ వేళ యొక్కనిది గాక ఇంటిల్లిపాదిది యైనచో మఱింత సులభము. ఇన్‌స్టాగ్రామువారు 2021 డిసెంబరులో "ఇక కొంచెము విశ్రమింపుడు" అని హెచ్చరించు నేర్పాటొకటి తమ యంత్రములోనే పెట్టిరి. మంచిదే. కాని కల్లుపాక గుంజకు మితముగ త్రాగుడని పలక వ్రేలాడదీసినచో, ఆ పలకను నమ్ముకొని యిల్లాలు నిశ్చింతగ నిద్రపోవునా?

ఈ మాట తలచినప్పుడు నెల్లూరు మండలమందలి దూబగుంట మాకు జ్ఞప్తికి వచ్చును. 1992లో ఆ గ్రామస్త్రీలు, అక్షరాస్యతా తరగతులలో చదువు నేర్చి, సారా దుకాణము నడ్డగించిరి. తమ తమ భర్తలను ఒక్కొక్కరుగ బ్రతిమాలుకొనుటవలన ఫలము లేదని వారికి వెనుకటి సంవత్సరములే నేర్పియుండెను. త్రాగువాని మనసు మార్చుటకు ముందు ఊరి వేళలను, ఊరి దారిని మార్చిరి. 1993లో ప్రభుత్వము సారాయిని నిషేధింపవలసి వచ్చెను. ఫోను సారాయి కాదు. అందు విద్య కలదు, వైద్యము కలదు, దూరమున నున్న బిడ్డ మొగము కలదు. సామ్యము నంతదూరము సాగదీయ నొల్లము. మేము గ్రహించిన దింతియే: అలవాటు అందఱిదైనపుడు విడుపును అందఱిది కావలెను.

ఇక నీ విరామమువలన ప్రయోజనమే లేదను వారు కొందఱు కలరు. నెలదినములు మాని మరల వచ్చుటయే కదా, యెందుకీ కష్టమని వారి ప్రశ్న. స్నానము చేసినవాడు మరల మురికి యగునుగాన స్నానమేలయని యడిగినట్లున్నది! అయినను ప్రశ్నకు జవాబు చెప్పుదుము. 2018లో అమెరికాలో శాసనసభ యెన్నికలకు ముందు, హంట్ ఆల్కాట్ మొదలగు నలుగురు ఆర్థికశాస్త్రజ్ఞులొక పరీక్ష చేసిరి. నాలుగు వారములు ఫేస్‌బుక్కును మూసియుంచుటకు కొందఱికి 102 డాలర్ల చొప్పున నిచ్చి, వారిని తక్కినవారితో సరిచూచిరి. ఫలితములు 2020లో ప్రకటితమైనవి. మూసినవారికి దినమునకు సుమారొక గంట మిగిలినది. ఆ గంటలో కొంత స్నేహితులతోను, ఇంటివారితోను గడచినది; కొంత యొంటరిగ టెలివిజను ముందు గడచినదని చెప్పుటకును వారు సంకోచింపలేదు. రాజకీయ విషయములలో పక్షావేశము తగ్గినది. మనస్సునకు స్వల్పముగనే యైనను నెమ్మది కలిగినది. దేశవార్తల తెలివిడియు గొంత తగ్గినది. గడువు తీరి మరల వచ్చినవారు వెనుకటంత సేపు అందు గూర్చుండలేదు.

అన్ని పరీక్షలు నిట్లే పలికినవని మేము చెప్పము; కొన్నిటిలో మేలు కనబడనే లేదు. నాలుగు దినములు ఫోను మూసినంతనే మనోవ్యాధులన్నియు మాయమగునని బాజా వాయించువారు మా పక్షమునకు చేటు తెచ్చుచున్నారు. మేము కోరునది దివ్యౌషధము గాదు, దినమున కొక గంట. పొరుగువానిపై కోపము కొంచెము తగ్గి, భోజనమువేళ ఎదుటివాని మాట పూర్తిగా చెవిని పడుట స్వల్పలాభమే యని యనువారు, తమ యింట నది యెన్నినాళ్ళ క్రిందట జరిగినదో జ్ఞాపకము చేసికొందురుగాక.

పనులు చెడునను వారికిని మా యుత్తరము కలదు. 2021 అక్టోబరు 4వ తేదీన ఫేస్‌బుక్కు, ఇన్‌స్టాగ్రాము, వాట్సాపు మూడును ప్రపంచమంతట నించుమించు ఆఱుగంటలు నిలిచిపోయెను. మన దేశమున నది రాత్రి తొమ్మిది దాటిన పిమ్మట. మేలుకొన్నవారిలో పెక్కుమంది తమ ఫోనే చెడినదని దానిని మాటిమాటికి ఆర్పి వెలిగించుకొనిరి. సామాన్యమైన టెలిఫోను పలుకు ఆనాడును పలికినది. ప్రాణాపాయ సమయమున వైద్యుని పిలుచుటకు రీలు అక్కఱలేదు.

కాని పనిని సంతనుండి వేఱు చేయవలెను. ఇందు మనవారు రెండువైపుల తప్పుచున్నారు. కరీంనగరము, నిజామాబాదు, కడప, కోనసీమ ప్రాంతములనుండి గల్ఫు దేశములకు బోయి శ్రమించు మన తెలుగువారు లెక్కకు మిక్కిలి. వారి భార్యలకు, తల్లులకు రాత్రి వచ్చు వీడియో పిలుపే పండుగ. దూరదేశమున నున్న భర్త మొగము చూచుట సామాజిక మాధ్యమ వ్యసనమని ఆక్షేపించు మామగారికి మేము నమస్కరించి యీవల నిలుతుము. అది ఉత్తరము, సంత కాదు. ఆశా కార్యకర్తకు మీదనుండి వచ్చు నాజ్ఞలు వాట్సాపులోనే వచ్చును. బడిపిల్లల యింటిపనియు నందే. డ్వాక్రా సంఘపు కూడిక యెప్పుడో తెలియుటయు నందే. ఇట్టి స్త్రీలకు తమ కిష్టమైనపుడు విరామము తీసికొను స్వేచ్ఛ యెక్కడిది? పదిహేను దినములు మాయమగుట, ఉత్తరముల కుత్తరము వ్రాయుటకు గుమస్తా గలవాని విలాసము. కావుననే మేము దీర్ఘవ్రతమును గాక నిత్యమైన చిన్న గంటను కోరుచున్నాము.

ఇక ముఖ్యమైన సంగతికి వచ్చితిమి. విరామ మెవరికి?

మన యిండ్లలో నీ ప్రశ్నకు జవాబు సిద్ధముగనే యున్నది: ఇంటరు చదువు పిల్లకు. ఆమె మార్కులు తగ్గినను విరామము. ఆమె నవ్వినను విరామము. ఎదురింటి కుఱ్ఱడు ఆమె చిత్రమునకు లైకు కొట్టినను ఆమెకే విరామము, ఆ కుఱ్ఱనికి గాదు. పిల్ల తరువాత కోడలు. "అమ్మాయీ, ఆ ఫోనుతో నీకేమి పని?" అని యడుగు నత్తగారి చేతిలో నొక ఫోను. ఆ మాటకు తల యూపు మామగారి చేతిలో మఱొకటి. ఆయన తెల్లవాఱుజామున లేచి పదునాలుగు గ్రూపులకు శుభోదయములు పంపును. సూర్యోదయ చిత్రములు, వేమనగారు కలలోనైన నెఱుగని వేమన పద్యములు, క్యాన్సరుకు కరివేపాకు వైద్యము, పొరుగు మతమువారిని గూర్చిన కట్టుకథలు ఆయన చేతిమీదుగ ఊరేగును. కుమారుడు కచ్చేరీనుండి వచ్చి, బూట్లు విప్పకయే, రాజకీయ వాదములలో మునుగును. ఇవి వ్యసనములు గావట! ఇవి లోకజ్ఞానమట! అమ్మాయి ముగ్గు చిత్రము పెట్టుటయే కాలహరణ మట!

ఇట్లు లాగికొన్న ఫోనునకు విరామమని పేరు పెట్టుట భాషకు చేసిన ద్రోహము. తన యిష్టముతో మానుట విరామము. ఒకరు లాగికొనుట జప్తు. జప్తు చేసినవారు అంతటితో నూరకుండరు. తీసికొన్న ఫోనును తెఱచి, ఎవరితో నేమి మాటలాడెనో పరిశీలింతురు. ఇంట పోలీసుఠాణా పెట్టి దానికి ఆరోగ్యశాల యని బోర్డు కట్టినట్లున్నది.

అసలీ దేశమున నింటర్నెట్టును మితిమీఱి వాడినవా రెవరు? 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వే యేమి చెప్పుచున్నది? 15 మొదలు 49 ఏండ్లలోపు వారిలో, ఒక్కమాఱైనను ఇంటర్నెట్టు వాడిన పురుషులు నూటికి 57 మంది. స్త్రీలు 33 మంది. ఆంధ్రప్రదేశమున పురుషులు నూటికి దాదాపు 49, స్త్రీలు 21. తెలంగాణమున పురుషులు 57, స్త్రీలు 27కు లోపల. తనదని చెప్పుకొని తాను వాడుకొను ఫోను దేశమున నూటికి 54 మంది స్త్రీలకే యుండెను. నాటినుండి ఫోనులు పెరిగినవి, సందేహము లేదు. కాని యింకను విందునకే పిలువబడని వారికి మొదట ఉపవాసము విధించు ధర్మశాస్త్ర మేదియో మాకు తెలియకున్నది.

ఈ న్యాయము మనకు క్రొత్త కాదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాల పెట్టిననాడు, 1883లో స్త్రీలకై సతీహితబోధినిని వెలువరించిననాడు లోకులు పడిన భయ మెట్టిది? అక్షరము నేర్చిన యాడుది పరపురుషులకు ఉత్తరములు వ్రాయునని గదా! పురుషు లెట్టి యుత్తరములు వ్రాయుచుండిరో యెవరును విచారింపలేదు. నాడు కలమును దాచినవారి మనుమలు నేడు ఛార్జరును దాచుచున్నారు. సంస్కారవంతులమని చెప్పుకొను మన యిండ్లలోనే యిది జరుగుచుండుట మాకు విస్మయకరము.

పురుషుల లోకజ్ఞానము తెచ్చిన ఫలమును గూర్చియు నొక మాట. 2018లో పిల్లలను ఎత్తుకొనిపోవువారు వచ్చినారను వదంతి వాట్సాపు ద్వారా దేశమంతట వ్యాపించి, నిరపరాధులైన బాటసారులను గుంపులు కొట్టి చంపిన ఘోరములు జరిగినవి. మన తెలుగుదేశమును ఆ భూతమంటినది. ఆ సంవత్సరము జూలైలో వాట్సాపువారు మన దేశమున నొకమాఱు అయిదింటికంటె నెక్కువ చోట్లకు సందేశమును పంపరాదని కట్టడి చేసిరి. 2020 ఏప్రిలులో, పలుమాఱులు చేతులు మారి వచ్చిన సందేశమును ఒక్క చోటికే పంపవచ్చునని మఱింత బిగించిరి. గద్వాల జిల్లాలో నప్పటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరిగారు తన పోలీసులను గ్రామములకు బంపి, పాటలచేతను, దండోరాచేతను నా వదంతి నెదుర్కొనిరి. ఫోనులో పుట్టిన భయమునకు ఊరి నడుమ మ్రోగిన డప్పు విరుగుడైనది. ఆనాడు గుంపులు గూడి కొట్టినవారు ఇంటరు చదువు పిల్లలా?

మేము కోరు పద్ధతికి దృష్టాంతము మనకు దూరమున లేదు. మహారాష్ట్రమున సాంగ్లీ జిల్లాలో మోహిత్యాంచే వడగావ్ అను గ్రామము కలదు. సుమారు మూడువేల జనసంఖ్య. 2022లో స్వాతంత్ర్యదినమునకు ముందునాడు అక్కడి స్త్రీల గ్రామసభలో నొక తీర్మానము జరిగెను. కరోనాకాలపు చదువులు ఫోనులలో సాగినందున పిల్లలు బడి తెఱచిన పిమ్మటను ఫోనును వదలకున్నారు, పెద్దలును వదలకున్నారు. దీనికి మందేమని యాలోచించి, సైరను కొనుటకు నిశ్చయించిరి. సాయంకాల మేడుగంటలకు గ్రామ దేవాలయమునుండి సైరను మ్రోగును. ఊరిలో ఫోనులు, టెలివిజనులు ఆగును. ఎనిమిదిన్నరకు మరల మ్రోగును; ఎవరి యిష్టము వారిది. ఆ గంటన్నరలో పిల్లలు చదువుకొందురు. పెద్దలు అరుగులపై మాటలాడుకొందురు. ఉపాధ్యాయులును, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలును ఇల్లిల్లు తిరిగి నచ్చజెప్పిరి. మొదట నవ్వినవారు లేకపోలేదు.

ఈ యేర్పాటులో మా మనసును ఆకర్షించినది సైరను గాదు. ఆ సైరను సర్పంచునకు, సర్పంచు కోడలికి నొక్కటియే! తండ్రి క్రికెట్టు చూచుచుండ కూతురు మాత్రము పుస్తకము పట్టుకొనుట యక్కడ లేదు. తీర్మానించినవారు స్త్రీలు. గడువు చిన్నది. గడువు ముగిసినట్లును సైరనే చెప్పును, అత్తగారు గాదు.

ఆస్ట్రేలియా దేశము మఱియొక త్రోవ త్రొక్కినది. పదునాఱేండ్లలోపు పిల్లలకు ఈ మాధ్యమములలో ఖాతా లుండరాదని 2024 నవంబరులో శాసనము చేసి, 2025 డిసెంబరు 10వ తేదీనుండి అమలుపఱచినది. శిక్ష పిల్లలకును, తలిదండ్రులకును గాదు. అడ్డుకొనని కంపెనీలకు, 4 కోట్ల 95 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల వఱకు జరిమానా. భారమును బలవంతునిపై మోపుట మాకు నచ్చినది. పదునాఱేండ్లలోపువారిని బహిష్కరించుట మేలా కీడా యను చర్చ వేఱొకనాటి మాట. ఏ శాసనమైనను బిడ్డనే యాపగలదు గాని, బిడ్డ యెదుట గూర్చుండి ఫోనువంక చూచుచు "ఊఁ, ఊఁ" అని యనుచున్న తండ్రి నాపలేదు.

ఊరికి సైరను లేనిచోట ఇంటికి గడియారము చాలును. ఇంటి పెద్ద మొట్టమొదట తన ఫోనును తెచ్చి యందఱికి గనబడుచోట, గూటిలోనో బియ్యపు డబ్బా మీదనో, పెట్టవలెను. తరువాతనే పిల్లల నడుగవలెను. ఆయన పెట్టని దినమున ఎవ్వరును పెట్టనక్కఱలేదను నియమము వ్రాసికొనుడు. వారములో నాయన దారికి వచ్చును. గూటిలోని ఫోనును ఇంకొకరు తాకరాదు. భార్యదైనను, కుమార్తెదైనను తెఱచి చూడరాదు. గల్ఫునుండి పిలుపు వచ్చు వేళను విడిచి వేఱొక వేళ నేర్పఱచుకొనుడు. ఈ వ్రతమును గూర్చి ఫేస్‌బుక్కులో వ్రాయవలదు.

గంట నెప్పుడు పెట్టవలెనను దానిలో నొక కపటము దాగియున్నది. దానిని బయటపెట్టక మానము. ఏడు మొదలు ఎనిమిది వఱకు విరామమని యొక యజమానుడు నిర్ణయించును. ఫోనులు గూటికి చేరును. పురుషులు పడకకుర్చీలలో నొరగి, "ఆహా, ఎంత హాయిగా నున్నది! కాఫీ తెండు" అందురు. ఆ గంటలో వంటయింట పొయ్యి వద్ద నున్నవారికి ఫోనును లేదు, హాయియు లేదు. పైగా వెనుక రెండడిగిన కాఫీ నేడు నాలుగు మాఱు లడుగుదురు. ఇది ఒకరి విశ్రాంతికి మఱొకరి చాకిరి. గంట భోజనమైన పిమ్మట నుండవలెను. లేదా ఆ గంటలో కూరలు తఱుగుట, కంచములు కడుగుట పురుషుల వంతు కావలెను. ఫోను పట్టు చేతికి కత్తిపీట బరువు గాదు.

ఆ ఖాళీ వేళలో నేమి చేయవలెనని యడుగువారున్నారు. ఇన్నాళ్ళు తమ చేతిలో లేని గంట చేతికి రాగానే దానికి పాఠప్రణాళిక వ్రాయుట మా కిష్టము లేదు. వేటపాలెపు సారస్వత నికేతనము 1918లో వెలసినది. ఊరూర గ్రంథాలయములు తెఱచి, పడవలలోను బండ్లలోను పుస్తకములు త్రిప్పిన జాతి మనది. పుస్తకము చదువుకొనువారు చదువుకొందురు. ఒకరు చదువ నలుగురు వినుట మఱియు మేలు. కాని చదువకున్నను కొంప మునుగదు. పిల్లలు ఏమియు తోచక గోడవంక చూతురు, చూడనిండు. కొంత సేపటికి పోట్లాడుకొందురు. మఱికొంత సేపటికి, ఇంట నెవరి కే యనారోగ్యమున్నదో, ఎవరి కేమి యప్పున్నదో, ఏ పిల్ల కే చదువు ఇష్టము లేదో, అట్టి మాటలు మెల్లగ బయటపడును. మొదటి వారమున నీ మాటలు సుఖముగ నుండవు. ఇన్నాళ్ళు వానిని మూసియుంచిన మూత ఫోనే యని యప్పుడు తెలియును. విరామము వలదని పెద్దలు సణుగుట యప్పటినుండియే మొదలగును.

క్రికెట్టు పోటీ యున్న రాత్రి సంగతి యేమని మిత్రులొకరు మమ్ము ప్రశ్నించిరి. న్యాయమైన ప్రశ్నయే. ఆ రాత్రి గంటను ముందునకో వెనుకకో జరుపుకొనుడు. కాని జరుపు నధికారము పోటీ చూచువారి కీయవలదు. వంటయింటిలో నున్నవారి నడిగి జరుపుడు.